పటాల కథ – 7: గొలుసు, త్రిభుజం, కైఫీయతు

1799 మే 4 మధ్యాహ్నం శ్రీరంగపట్నం కోట ఈస్టిండియా కంపెనీ సేనల వశమైంది. టిప్పు సుల్తాన్ కోటలోనే పోరాడుతూ నేలకొరిగాడు. సరిగ్గా ఏడు వారాలకు, జూన్ 22న, ఆయన రాజ్యాన్ని పంచుతూ కంపెనీ, నిజాం ఒప్పందం రాసుకున్నాయి. ఆ కాగితాలు ఇవాళ చదివితే ఒక సంగతి వింతగా తోస్తుంది. పంపకం పటం మీద గీతలు గీసి జరగలేదు, జాబితాలతో జరిగింది. తాలూకా పేరు, దాని ఎదుట ఏటా వచ్చే శిస్తు ఇన్ని కంఠీరవ వరహాలని ఒక అంకె. పేర్లూ అంకెలూ కూడుకుంటూ పోయి ఎవరి వాటా వారికి సరిపెట్టారు. గుత్తి, గుర్రంకొండ నిజాంకు వెళ్ళాయి.

అప్పటి పాలకులకు ఇందులో వింతేమీ లేదు. దేశమంటే వాళ్ళకు దస్త్రం. అక్బరు కాలంలో రాసిన అయీనె అక్బరీలోనూ సుబాలు, సర్కార్లు, పరగణాలు ఇలాగే శిస్తు అంకెలతో బారులు తీరి ఉంటాయి. ఫలానా ఊరు ఎంత ఇస్తుందో దివాణానికి తెలుసు. ఎక్కడుందో ఆ ఊరికి వెళ్ళే తహసీల్దారుకు తెలిస్తే సరిపోయేది. చిక్కల్లా రాజ్యం ముక్కలయ్యాకే వచ్చింది. తనకు రాసిచ్చిన తాలూకా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుంది? ఒక ఊరి మాగాణి పక్క తాలూకాలోకి చొచ్చుకుపోతే అది ఎవరిది? వరహాల అంకెలో దీనికి జవాబు లేదు.

గత సంచికలో రెన్నెల్ బెంగాలు దారుల మీద చక్రం దొర్లించిన వైనం చూశాం. పెరాంబులేటరు అనే ఆ చక్రం ఎన్ని చుట్లు తిరిగిందో లెక్కపెట్టి దూరం కట్టేవారు, దిక్సూచితో దిశ చూసుకునేవారు. దారి వంపు తిరిగినచోటల్లా, వాగులో దిగి ఎక్కినచోటల్లా చిన్న తప్పు దొర్లుతుంది. వంద మైళ్ళు పోయేసరికి ఆ చిన్న తప్పులన్నీ కలిసి పెద్దవవుతాయి. దండు నడవడానికి ఆ పటం చాలు, రాజ్యం పంచుకోవడానికి చాలదు.

మైసూరు పడిపోయిన తర్వాతి పదేళ్ళలో దక్షిణాదిలో ముగ్గురు కంపెనీ అధికారులు ఎవరి లెక్కన వారు నేలను కొలిచారు. విలియం లాంబ్టన్, థామస్ మన్రో, కాలిన్ మెకంజీ. ముగ్గురి దగ్గరా గొలుసులున్నాయి, ముగ్గురూ గుడారాలు వేసుకుని ఎండల్లో తిరిగారు. కానీ ఒకరు గీసిన పటంతో మరొకరి పని తీరేది కాదు. ఎందుకంటే ముగ్గురూ నేలను వేర్వేరు ప్రశ్నలు అడిగారు. భూగోళం పుస్తకంలో పిల్లలు బట్టీపట్టే మాటలు, అంటే ఆధార రేఖ, స్కేలు, సరిహద్దు, ఆవాసం, భూవినియోగం వంటివి, ఈ మూడు సర్వేల వెంట నడిస్తే కళ్ళకు కడతాయి.

లాంబ్టన్‌తో మొదలుపెడదాం. ఆయన మనసంతా భూగోళం ఆకారం మీద ఉండేది. భూమి ధ్రువాల దగ్గర కాస్త అణిగి ఉంటుందని అప్పటికే తెలుసు, ఎంత అణిగిందన్నదే పూర్తిగా తేలలేదు. భూమధ్యరేఖకు దగ్గరలో ఒక డిగ్రీ అక్షాంశం నేల మీద ఎన్ని అడుగులు వస్తుందో కచ్చితంగా కొలిస్తే ఆ లెక్క తేలుతుంది. దానికోసమే అంటే వర్తకుల కంపెనీ పైసా విదల్చదు. అందుకని అన్ని సర్వేలకూ ఆసరాగా ఉండే స్థిరమైన గుర్తులు దొరుకుతాయని చెప్పి ఒప్పించాడు. అదీ నిజమే.

1802 ఏప్రిల్ 10న మద్రాసు సెయింట్ థామస్ మౌంట్ దగ్గరి చదును నేల మీద గొలుసు పరిచారు. దాని పొడవు 100 అడుగులు, రెండున్నర అడుగుల ఉక్కు కడ్డీలు నలభై. లండన్‌లో రామ్స్‌డెన్ అనే పరికరాల నిపుణుడు చేసిన ఈ గొలుసు బ్రిటిష్ రాయబార బృందంతో చైనా వెళ్ళి, అక్కడి చక్రవర్తి కొలువులో ఆదరణ లేక, చేతులు మారి ఇండియా చేరింది. ఎండకు ఉక్కు సాగుతుంది. అందువల్ల గొలుసును చెక్క తొట్లలో పరిచి, పక్కన ఉష్ణమాపకాలు పెట్టి, ఏ పూట ఎంత సాగిందో లెక్కగట్టి అంత తీసేసేవారు. దాదాపు 400 సార్లు ఎత్తి పరిస్తే ఏడున్నర మైళ్ళ గీత తేలింది. ఆ పని ముగిసేసరికి మే 22 వచ్చింది. మద్రాసు ఎండాకాలమంతా ఒక్క గీతకు సరిపోయిందన్నమాట.

ఆ గీతే ఆధార రేఖ. ఇంత కష్టమూ ఒక్కసారి పడితే, ఆపైన గొలుసును చుట్టి పక్కన పెట్టవచ్చు. గీత రెండు కొసల నుంచి దూరాన కొండ మీద పాతిన జెండాను దుర్భిణిలో చూసి కోణాలు కొలుస్తారు. త్రిభుజంలో ఒక భుజం, రెండు కోణాలు తెలిస్తే మిగతావి లెక్కలో వచ్చేస్తాయి. నడుమ అడవి ఉన్నా నది ఉన్నా అడ్డు కాదు. అలా దొరికిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి కట్టుకుంటూ పోతారు. చాలా దూరం పోయాక మళ్ళీ నేల మీద ఒక గీత గొలుసుతో కొలిచి, లెక్కలో వచ్చిన పొడవుతో సరిచూస్తారు. అలాంటి సరిచూపు గీతల్లో ఒకటి 1811లో గుత్తి దగ్గర, మరొకటి 1815లో బీదరు దగ్గర వేశారు.

త్రిభుజంలో మూడు కోణాలూ కలిపితే 180 డిగ్రీలని బళ్ళో చెబుతారు. లాంబ్టన్ త్రిభుజాల్లో ఒక పిసరు ఎక్కువ వచ్చేది. రావాలి కూడా. ఉబ్బెత్తు నేల మీద గీసిన త్రిభుజం ఉబ్బుతుంది. సుమారు 76 చదరపు మైళ్ళ వైశాల్యానికి ఒక సెకను, అంటే డిగ్రీలో 3,600వ వంతు పెరుగుతుంది. చెరువు గట్టు కొలిచేవాడికి ఆ పిసరు కంటికి ఆనదు. కన్యాకుమారి నుంచి ఉత్తరానికి త్రిభుజాలు అల్లుకుంటూ పోయేవాడు దాన్ని వదిలేస్తే కథ మొదటికొస్తుంది.

ఈ కోణాలు కొలిచిన థియోడొలైటు బరువు అర టన్ను. ఇంగ్లండు నుంచి వస్తుండగా ఫ్రెంచి యుద్ధనౌక ఆ ఓడను పట్టుకుని మారిషస్ తరలించింది. శాస్త్ర పరికరమని తెలుసుకున్న అక్కడి ఫ్రెంచి గవర్నరు దాన్ని శత్రువులకే మర్యాదగా పంపించేశాడు. అంత గండం గడిచి వచ్చిన యంత్రం 1808లో తంజావూరు పెద్దగుడి పైకి లాగుతుంటే తాడు తెగి గోడకు కొట్టుకుంది. కోణాల గీతలున్న వలయం వంకరపోయింది. లాంబ్టన్ వారాల తరబడి గుడారంలో కూర్చుని, దాన్ని తన చేత్తోనే చక్కబరుచుకున్నాడు.

మద్రాసు ఫైనాన్సు కమిటీలో ఒక పెద్దమనిషికి ఇదంతా దండగ ఖర్చనిపించింది. శ్రీరంగపట్నం పోవాలంటే పల్లకీ బోయీలకు చెబితే చాలు కదా, వాళ్ళకు దారి తెలియదా, లాంబ్టన్ పటం ఎందుకని ఆయన వాదన. నవ్వుకుంటాం గానీ ఆ మాటలోనూ కొంత న్యాయముంది. లాంబ్టన్ కాగితాల మీద కొండ కొమ్ములూ గోపురాల కొసలూ తప్ప మనుషులుండరు. గుత్తి కొండ కింద ఎవరుంటారో, ఏం పండిస్తారో, ఏ నీళ్ళు తాగుతారో ఆ త్రిభుజాలకు పట్టదు.

మన్రోకు కావలసింది సరిగ్గా అవే. మైసూరు యుద్ధాల వల్ల తనకు దక్కిన సీమలను నిజాం 1800 అక్టోబరులో కంపెనీకి రాసిచ్చేశాడు. వాటినే దత్తమండలాలన్నారు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన మన్రో, రైతు రైతుకూ విడివిడిగా శిస్తు కట్టాలనుకున్నాడు. అలా కట్టాలంటే ప్రతి చేనూ కొలవాలి. 1802లో గుమాస్తాలు గొలుసులు పట్టుకుని పొలాల్లో దిగారు. మొదట్లో కొలవడం వచ్చినవాళ్ళు నలుగురే. వాళ్ళు మరికొందరికి నేర్పారు, ఏళ్ళు గడిచేకొద్దీ అది పెద్ద దండయింది.

మన్రో గొలుసు పొడవు 33 అడుగులు. ఆ గొలుసు నాలుగు పక్కలా పరిస్తే వచ్చే చదరం 1,089 చదరపు అడుగులు, అంటే 121 గజాలు. అలాంటి చదరాలు నలభై కలిస్తే కచ్చితంగా ఒక ఎకరం. తెలంగాణలో స్థలాల బేరం చేసేవాళ్ళు ఈపాటికి పోల్చుకునే ఉంటారు, అది గుంట. 33 అడుగుల కొలత బొంబాయి, హైదరాబాదు ప్రాంతాల్లో నిలబడిపోయింది. ఆంధ్రలో చెలామణీ అయ్యే సెంటు 66 అడుగుల గొలుసు బిడ్డ. 1620 ప్రాంతంలో ఎడ్మండ్ గుంటర్ అనే ఇంగ్లీషు గణితజ్ఞుడు వంద లింకులతో చేసిన గొలుసది. పది చదరపు గొలుసులు ఎకరం, అందులో నూరో వంతు సెంటు, 48.4 గజాలు. కృష్ణకు ఇటు గుంటల్లోనూ అటు సెంట్లలోనూ బేరాలు సాగుతున్నాయంటే, ఒకే గొలుసు ఒకచోట సగానికి మడిచి, ఇంకోచోట మడవకుండా వాడారు.

స్కేలు అనే మాట ఇక్కడే అర్థమవుతుంది. మద్రాసు రాజధానిలో తర్వాతి కాలపు గ్రామపటాల్లో నేల మీది ఒక మైలుకు కాగితం మీద 16 అంగుళాలు ఇచ్చేవారు, అంటే 3,960కి ఒకటి. అందులో గట్టు, బావి, బాట విడివిడిగా కనిపిస్తాయి. మైలుకు ఒక అంగుళం పటంలో, అంటే 63,360కి ఒకటి లెక్కన గీసినదాంట్లో, పొలాలు మాయమై ఊరు మిగులుతుంది. ఇంకా చిన్న స్కేలుకు పోతే ఊరు కూడా చుక్కయి, చివరకు చుక్క కూడా పోతుంది. ఏది మిగలాలో ఏది పోవాలో గీసేవాడి అవసరం తేలుస్తుంది. శిస్తు కోసం గీసిన పటంలో చేను పోదు, శిస్తు కట్టని కూలివాడి గుడిసె మాత్రం మొదటే పోతుంది.

మూడోవాడు మెకంజీ. ఈ వ్యాసం అసలు ఆయన కోసమే. స్కాట్లండుకు ఉత్తరాన లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టి, అక్కడే సుంకాల ఉద్యోగం చేసి, ముప్ఫై ఏళ్ళకు దగ్గరపడ్డాక 1783లో మద్రాసులో దిగాడు. నెల్లూరు, ఒంగోలు దారులు, గుంటూరు సర్కారు, నిజాం సీమలు కొలుస్తూ ఏళ్ళ తరబడి తెలుగు నేల మీద తిరిగాడు. మైసూరు పడ్డాక అక్కడి సర్వే బాధ్యత ఆయనకు అప్పగించారు. దాదాపు 40,000 చదరపు మైళ్ళ నేల. చేతి కింద ఇద్దరు ముగ్గురు దొరలు, బెంజమిన్ హైనే అనే వృక్షశాస్త్రవేత్త, మద్రాసు నక్షత్రశాలకు అనుబంధంగా 1794లో పెట్టిన సర్వే బడిలో చదివిన కుర్రాళ్ళు. ఆ బడి పెట్టిన మైకేల్ టాపింగ్ అప్పటికే, 1796లో, మచిలీపట్నంలో జ్వరంతో పోయాడు. సర్వే మొదలైన కొద్దికాలానికే పైవాళ్ళు ఖర్చు తగ్గించమన్నారు, కొండజ్వరాలు పట్టుకున్నాయి. అయినా పదేళ్ళు లాక్కొచ్చాడు.

మెకంజీ దగ్గరా త్రిభుజాలున్నాయి. కానీ పటంతోపాటు పుస్తకం ఉండాలన్నది ఆయన పట్టుదల. ప్రతి తాలూకాకు ఊళ్ళ పట్టిక, ఇళ్ళు, కులాలు, చెరువులు, పంటలు, పాడుబడ్డ ఊళ్ళు, కోటలు, సంతలు. మైసూరు సర్వే ముగిసేసరికి పటాల పక్కన ఏడు పెద్ద సంపుటాల వివరణ తయారైంది. మనిషికీ నేలకూ మధ్య సంబంధాన్ని చదివే మానవ భూగోళశాస్త్రానికి జర్మనీలో ఫ్రెడ్రిక్ రాట్జెల్ పుస్తకం 1882లో వచ్చింది. మెకంజీ అంతకు డెబ్బై ఏళ్ళ ముందే, ఆ పేరు తెలియకుండా, దాని పనంతా చేసి పెట్టాడు.

చేసింది ఆయనొక్కడేనా అంటే కాదు. మెకంజీకి దేశభాషలు రావు. జీవితమంతా తిరిగినా పట్టుబడలేదు. ఆయనకు చెవులూ నోరూ అయినవారు ఏలూరు నుంచి వచ్చిన కావలి సోదరులు, వెంకట బొర్రయ్య, వెంకట లక్ష్మయ్య, వెంకట రామస్వామి. బొర్రయ్య పరిచయంతోనే ఈ దేశపు విద్య తనకు వాకిలి తెరిచిందని మెకంజీ తర్వాత రాసుకున్నాడు. ఆ బొర్రయ్య 1803లో, పాతికేళ్ళు దాటాయో లేదో, చనిపోయాడు. తమ్ముడు లక్ష్మయ్య పని అందుకున్నాడు.

వీళ్ళూ వీళ్ళు తయారుచేసిన గుమాస్తాలూ ఊరూరా పోయి ఎవరిని అడగాలి? కరణాన్ని. కరణం ఇంట్లో తాటాకుల కట్టలుంటాయి, దండకవిలె. ఊరు ఎప్పుడు కట్టారు, పొలిమేర ఏ రాయి నుంచి ఏ చెట్టుకు, ఎవరి కాలంలో ఎవరికి మాన్యం ఇచ్చారు అన్నవన్నీ తరతరాలుగా అందులో రాస్తూ వచ్చారు. కరణాలు అడగ్గానే కట్ట విప్పి ఇచ్చారనుకోవడం అమాయకత్వం. సర్కారు మనిషి వచ్చి ఇనాం భూముల సంగతి ఆరా తీస్తుంటే ఎవరికైనా గుండె దడదడలాడుతుంది. మన్రో గొలుసు తిరుగుతున్న కాలం కూడా అదే. బతిమాలి, నచ్చజెప్పి, కొన్నిచోట్ల నకలు రాసుకుని తెచ్చారు. అలా పోగైనవే కైఫీయతులు.

కైఫీయతును చరిత్ర కోసం చదివి రాజుల వరసలు తప్పుగా ఉన్నాయని పెదవి విరిచేవాళ్ళున్నారు. భూగోళం కోసం చదివితే దాని విలువ వేరు. ఊరి పుట్టుక ఎక్కడ మొదలవుతుందో చూడండి. చాలాచోట్ల రాజుతో మొదలవదు, అడవి కొట్టడంతోనో, చెరువు కట్టడంతోనో, గుడి దొరకడంతోనో మొదలవుతుంది. ఆ తర్వాత గ్రామకంఠం ఎక్కడ, మాగాణి ఎంత, మెట్ట ఎంత, బంజరు ఎంత, శివారు పల్లెలు ఏవి. ఇంగ్లీషు చదువుల్లో ఆవాసం, భూవినియోగం అని విడివిడి పాఠాలుగా చెప్పేవి కరణం నోట ఒకే వాక్యంలో వచ్చేస్తాయి.

అనంతపురమే తీసుకోండి. పండమేరు వాగుకు అడ్డంగా 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు చెరువు కట్టించాడనీ, కట్టకు ఒక కొసన బుక్కరాయసముద్రం, ఇంకో కొసన అనంతసాగరం వెలిశాయనీ అక్కడి చరిత్ర చెబుతుంది. ఊళ్ళు కట్ట కొసల్లోనే ఎందుకు వెలిశాయి? తూములు అక్కడ ఉన్నాయి గనక. నీళ్ళు వదిలేచోట మాగాణి, మాగాణి ఉన్నచోట ఇళ్ళు. కట్ట తెగితే రెండు ఊళ్ళూ పోతాయి. అందుకే చెరువులు చూసుకునేవారికి ఆ సీమలో దశబంధం ఇనాములుండేవి. ఒకసారి కట్ట తెగబోతే గంగమ్మ బలి కోరిందనీ, బుక్కరాయసముద్రం కోడలు ముసలమ్మ గండిలో నిలబడిందనీ అదే చరిత్రలో ఉంది. బ్రౌన్ దొర 1853లో అచ్చువేయించిన ఆ అనంతపురం చరిత్రే కట్టమంచి రామలింగారెడ్డి 'ముసలమ్మ మరణము' కావ్యానికి ఆధారం. కరువు సీమలో చెరువు కట్ట అంటే ఏమిటో ఆ ఒక్క కథ చెప్పినంతగా కాంటూరు రేఖలు చెప్పలేవు. అసలు అప్పటి పటాల్లో కాంటూరు రేఖలు లేనే లేవు, కొండల్ని పక్కపక్కనే సన్నటి గీతలు గీసి చూపేవారు.

ఒక ఊరిని అర్థం చేసుకోవడానికి భూగోళం రెండు ప్రశ్నలు వేస్తుంది. ఊరు నిలిచిన నేల ఎలాంటిది, చుట్టుపక్కల దేనికి దగ్గర. ఈ రెండూ ఒకదానికొకటి ఎదురు తిరిగిన ఊరు మచిలీపట్నం. రేవు నేల చూస్తే బురద, లోతు లేదు, పెద్ద ఓడలు మైళ్ళ దూరంలో లంగరు వేస్తే పడవల మీద సరుకు చేరవేయాలి. ఊరు మాత్రం గోల్కొండ దారి కొసన ఉంది. వెనకాల నేత ఊళ్ళు, అద్దకం ఊళ్ళు, వజ్రాల గనులు. ఆ పృష్ఠభూమి కోసమే డచ్చివారూ, 1611లో ఇంగ్లీషువారూ బురదను సహించి గిడ్డంగులు పెట్టారు. నేత పడిపోయింది, వర్తకం వేరే రేవులు పట్టింది, 1864 నవంబరు ఉప్పెనలో దాదాపు 30,000 మంది పోయారు. ఆ తర్వాత బురద ఒక్కటే మిగిలింది.

సరిహద్దుల సంగతి ఇంతకంటే తమాషా. 1800 ఒప్పందంలో నిజాం, కంపెనీల మధ్య గీత స్పష్టంగా ఉండాలని తుంగభద్రను హద్దుగా ఎంచుకున్నారు. అందుకోసం నదికి ఆవలున్న కొప్పళ, గజేంద్రగడ వంటివి నిజాంకు వదిలి, ఈవలున్న ఆదవాని కంపెనీ పుచ్చుకుంది. నది హద్దు పటం మీద చక్కగా ఉంటుంది. నది ఒడ్డు రైతులకు మాత్రం నది హద్దు కాదు, రెండు ఒడ్లనూ కలిపే సంత, రేవు, చుట్టరికం.

గీతకు లొంగని చోట్లూ మిగిలాయి. మునగాల పరగణా చుట్టూ నిజాం రాజ్యం, మధ్యలో ఇది మాత్రం మద్రాసు రాజధానిలో కృష్ణా జిల్లాకు చెందినది. భూగోళంలో ఇలాంటిదాన్ని పరివృత ప్రాంతం అంటారు. జమీందారీ హక్కు జాబితాలో ఉన్న పేరు, పటాల యుగంలోకి దీవిలా తేలివచ్చిందన్నమాట. అయితే ఆ దీవిలో ఇంగ్లీషు చట్టం నడిచేది, హైదరాబాదు సంస్థానంలో కుదరని పనులు కొన్ని అక్కడ కుదిరేవి. కొమర్రాజు లక్ష్మణరావు ఆ జమీందారు దగ్గర దివానుగా ఉండే తెలుగు గ్రంథాలయాలకూ విజ్ఞాన గ్రంథాలకూ పని చేశాడు. మునగాల నల్లగొండ జిల్లాలో కలిసింది 1959లో, ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక కూడా మూడేళ్ళకు.

మెకంజీ 1815లో భారతదేశానికి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మరుసటి ఏడాది థామస్ హిక్కీ వేసిన ఆయన చిత్తరువు ఇప్పుడు లండన్ బ్రిటిష్ లైబ్రరీలో ఉంది. ఎర్రకోటులో పొడుగ్గా మెకంజీ, చుట్టూ ముగ్గురు భారతీయులు. దుర్భిణి పట్టుకున్న బంట్రోతు కిష్టాజీ, తాటాకులతో జైన పండితుడు ధర్మయ్య, పక్కన లక్ష్మయ్య అని పోల్చారు. వెనక కొండ మీద ఒకవైపు గోమఠేశ్వరుడు, ఇంకోవైపు సర్వే గుర్తు కోసం పాతిన స్తంభం. దొర చిత్తరువులో నౌకర్లుండటం అప్పట్లో మామూలే. పండితులను వాళ్ళ తాటాకులతో సహా నిలబెట్టుకోవడం మాత్రం అరుదు.

1821 మే 8న మెకంజీ కలకత్తాలో కన్నుమూశాడు. పోగుచేసినదంతా భార్య దగ్గర 10,000 పౌన్లకు కంపెనీ కొన్నది. హోరేస్ విల్సన్ 1828లో జాబితా వేస్తే 1,568 గ్రంథాలు, 2,070 ఊళ్ళ వృత్తాంతాలు, 8,076 శాసనాల నకళ్ళు, 6,218 నాణేలు తేలాయి. ఎక్కువ భాగం తెరిచి చదివినవారు లేరు.

లక్ష్మయ్య ఊరుకోలేదు. దొర పోయినా పని ఆగనక్కరలేదని, ఆయన పద్ధతి తనకు తెలుసని, అనుమతిస్తే కొనసాగిస్తానని అర్జీ పెట్టుకున్నాడు. అది ఏషియాటిక్ సొసైటీ ముందుకు వచ్చింది. 1836లో జేమ్స్ ప్రిన్సెప్ నోట వచ్చిన తీర్పు ఏమిటంటే, ఇంత పెద్ద పనికి పైన వేరే తలకాయ ఉండాలి, లక్ష్మయ్యకు ఆ యోగ్యత చాలదు. ముప్ఫై ఏళ్ళకు పైగా ఆ పనిని నడిపినవాడికి దక్కిన జవాబిది. బ్రాహ్మీ లిపిని చదవగలిగిన ప్రిన్సెప్ ఆ మనిషిని చదవలేకపోయాడు.

చిన్న తమ్ముడు రామస్వామి ఎవరి అనుమతీ అడగలేదు. 1828లో కలకత్తాలో దక్కను ఊళ్ళ మీద ఇంగ్లీషులో ఒక పుస్తకం అచ్చువేశాడు. ప్రాచీన దక్కను పటానికి తోడుగా చదువుకోవాలని అందులో ఊళ్ళ వర్ణన, చరిత్ర రాశాడు. మరుసటి ఏడాది దక్కను కవుల చరిత్రలు తెచ్చాడు. పటమూ పుస్తకమూ జంటగా ఉండాలన్న మెకంజీ పట్టుదలను చివరిదాకా పాటించినవాడు ఈ ఏలూరు మనిషే.

సర్కారు దృష్టి మాత్రం త్రిభుజాల వైపు మళ్ళింది. 1818లో లాంబ్టన్ సర్వేకు 'గ్రేట్ ట్రిగొనమెట్రికల్ సర్వే' అని పేరు పెట్టి కలకత్తా నేరుగా తన కిందికి తెచ్చుకుంది. ఆ పెద్దాయన హైదరాబాదులో మకాం పెట్టి ఉండగా, కొత్త సహాయకుడిగా ముక్కోపి యువకుడు ఒకడు వచ్చి చేరాడు. పేరు జార్జి ఎవరెస్టు. మొదటి పనిగా ఆయనకు అప్పగించింది కృష్ణా గోదావరుల నడుమ నేల. వరంగల్లు దాటి తూర్పున ఎల్లాపురం అడవుల్లోకి వానాకాలంలో దండు దిగింది, జ్వరం ఒక్కరినీ వదల్లేదు. ఆ కథ వచ్చే సంచికలో.